వేపచెట్టుకు విజిటింగ్ అవర్స్

గేటుకు అవతల సమ్మమ్మ, ఇవతల విమల. మధ్యలో గొళ్ళెం. సమ్మమ్మ చేతిలో కొంగు కప్పిన ఇత్తడి చెంబు.

"విజిటింగ్ అవర్స్ అయిపోయినయ్ అత్తా," అంది విమల గొళ్ళెం మీది చెయ్యి తీయకుండా.

"చెట్టుకేం అవర్స్ బిడ్డా. జర పసుపునీళ్ళు. పోసి పోత."

"నిన్న జర మజ్జిగ అన్నవు. మొన్న జర అంబలి. గల్లీల ఇంటింటి జర కలిస్తే నా వాకిట్ల ధర్మసాగర్ చెరువైతాంది."

"అమ్మకు పోసేటప్పుడు లెక్క కట్టొద్దు. కండ్లు పోతయ్."

"కండ్లు పోతే పోనీ, చెట్టు పోతాంది. నువ్వు ఇంటికి నడువ్."

సమ్మమ్మ కదల్లేదు. చెంబుతో అక్కడే నిలబడి, గోడ మీదుగా ఎండిన కొమ్మల వైపు ఒకసారి, విమల వైపు ఒకసారి చూసింది. ఇద్దరిలో ఎవరికి జబ్బు ముదిరిందో తేల్చుకుంటున్నట్టుంది ఆ చూపు.

విమలకు ఈ గొడవ కొత్తది కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చేసిందిదే. పెద్ద దవాఖానలో నర్సుగా చేరి, వార్డు ఇన్‌ఛార్జిగా రిటైరైంది. గల్లీలో పిల్లాపెద్దా అందరికీ ఆమె సిస్టరమ్మే. సూదికి, పుండుకు, జ్వరానికి, రక్తానికి ఆమె ఏనాడూ జడవలేదు. ఆమె ప్రాణం తోడేసింది ఒక్క విజిటర్లే. రోగం వచ్చి ఒక్క మంచం మీద పడుకుంటుంది గానీ, దాన్ని చూడ్డానికి ఊరు ఊరంతా తరలివస్తుంది. ఊరికే వస్తే ఫరవాలేదు. ఉత్త చేతులతో పోతే బాగుండదని షుగరు పేషెంటుకు అరటిపండ్లు, కడుపులో పుండున్నవాడికి మిర్చి బజ్జీలు పట్టుకొస్తారు. పేగు ఆపరేషనైన ఒకాయనకు నోట్లో పచ్చి గంగ కూడా పోయొద్దని చెప్పి విమల ఇటు తిరిగిందో లేదో, ఆయన మేనమామ టిఫిన్ డబ్బా తెరిచి బోటికూర తినిపించాడు. ఇదేమిటయ్యా, నీళ్ళు కూడా వద్దన్నాం గదా అంటే, "నీళ్ళు తాపలే సిస్టర్, బోటి పెట్టిన" అన్నాడాయన, మాట తప్పనివాడి ధీమాతో.

ప్రేమగా చేసే హానికి మందు లేదని విమల సిద్ధాంతం. పగవాడైతే దూరంగా ఉంటాడు. ప్రేమ గల మనిషే మంచం పక్కన కూర్చుని, గ్లూకోజు సీసా మెల్లగా పడుతోందని చక్రం తిప్పేస్తాడు. రిటైరైన నాడు దండ వేసి, శాలువా కప్పి, మాట్లాడమంటే ఆమె ఒక్క మాటే అంది: "ఇగ విజిటర్ల పీడ నాకు లేదు." అందరూ నవ్వారు. ఆ రోజు అంత నమ్మకంగా ఎలా అనగలిగిందో ఇప్పుడు తలచుకుంటే ఆమెకే ఒళ్ళు మండుతుంది.

చెట్టు సంగతి చెప్పాలి. కాజీపేట రోడ్డు నుంచి లోపలికి చీలిన గల్లీలో చివరి ఇంటికి ముందుది విమల వాళ్ళ ఇల్లు. ప్లాటు కొన్ననాటికే అందులో వేపచెట్టు నడివయసులో ఉంది. ఇల్లు కట్టే మేస్త్రీ వచ్చి సున్నంతో ముగ్గు పోస్తే చెట్టు సరిగ్గా ముందుగది మధ్యలోకి వచ్చింది. కొట్టేద్దామన్నాడు. విమల ఒప్పుకోలేదు. అందుకని ఇల్లు చెట్టును చూసి పక్కకు తప్పుకున్నట్టు వంకర తిరిగింది. ముందుగదికి ఒక మూల లేదు. మంచం వేస్తే బీరువా పట్టదు, బీరువా పెడితే మంచం పట్టదు. కొత్తలో పైకప్పు రేకులది. నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే ఇంటికొస్తే లోపల పొయ్యిలో పడుకున్నట్టుండేది. విమల నులకమంచం చెట్టు కిందికి లాక్కుని, మొహం మీద చీరకొంగు వేసుకుని మధ్యాహ్నం దాకా నిద్రపోయేది. అలా ఎన్ని ఎండకాలాలో. ఆమెను లేపి, కాస్త ఇది చూడు సిస్టరూ అని అడగనిది ఆమె ఎరిగినంతలో ఆ చెట్టొక్కటే.

వేపకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఒక పారసీ మాట దాక్కుని ఉంది. ఆజాద్ దరఖ్త్, స్వేచ్ఛగల చెట్టు అని. ఆ పేరు పెట్టినవాళ్ళు వరంగల్ గల్లీలో ఒక్క పూట గడిపి ఉంటే ఇంకో పేరు వెతుక్కునేవాళ్ళు. పండ్లపుల్ల కోసం ఒకరు, గుమ్మానికి రెమ్మ కోసం ఒకరు, ఉగాది పచ్చడికి పువ్వు కోసం అందరూ. బోనాలనాడు మండలు విరుచుకుపోవడానికి వచ్చే ఆడవాళ్ళు విమలను అడిగేవాళ్ళు కూడా కాదు. యేసుప్రభువు క్యాలెండరున్న ఇంటి ముందు నుంచి పోచమ్మకు మండలు పోయేవి. అందులో ఎవరికీ ఏ విడ్డూరమూ కనబడలేదు, విమలతో సహా. చెట్టు తనదే అయినా ఆకు గల్లీదని ఆమె ఎప్పుడో రాజీ పడింది.

ఆ ఏడు వానలు వెనక్కి పోయాక చెట్టు కొసలు మాడడం మొదలైంది. ముందు చిటారు రెమ్మలు, ఎవరో కొలిమి దగ్గర పట్టినట్టు. తర్వాత కింది రెమ్మలు. దసరా పోయేసరికి పచ్చటి చెట్టు మీద గోధుమరంగు దుప్పటి కప్పినట్టైంది. ఆ ఒక్క చెట్టే కాదు. హసన్‌పర్తి వైపు పోయినా, పాలంపేట దాకా పోయినా బస్సు కిటికీలోంచి రెండు పక్కలా వేపలన్నీ అలాగే కనిపించాయి.

విమల మాడిన రెమ్మ ఒకటి ప్లాస్టిక్ కవర్లో వేసుకుని వ్యవసాయ పరిశోధన వాళ్ళ దగ్గరికి ఆటోలో పోయింది. అక్కడ దీప్తి అనే చిన్న వయసు శాస్త్రవేత్త రెమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది డైబ్యాక్ అంది. కొసనుంచి మొదలుకు ఎండుకుంటూ దిగే తెగులు. ఎండిన కొమ్మను పచ్చి కనబడేదాకా కోసెయ్యాలి, కోసినచోట మందు పుయ్యాలి, ఒకసారి పిచికారీ చెయ్యాలి, మొదట్లో నీళ్ళు నిలవనివ్వకూడదు.

"బతుకుతదా మేడమ్?"

"చాలావరకు బతుకుతయ్ అమ్మా. శివరాత్రి దాటినంక చిగురు పెడ్తయ్. మీరు మాత్రం ఎక్కువ సేవలు చెయ్యకండి."

విమల ప్రాణం లేచొచ్చింది. రోగానికి పేరుంది, మందుంది, పథ్యముంది. ఇంకేం కావాలి. ఆటోలో వస్తూ ఆమె, చాలా రోజుల తర్వాత డ్యూటీ ఎక్కినట్టు, పవిట సర్దుకుని కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి చెట్టు మొదట్లో పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ. పక్కన సమ్మమ్మ.

సమ్మమ్మ ఆ గల్లీకి పెద్దదిక్కు. ఎవరింట్లో పిల్లవాడికి ఒంటి మీద పొక్కులు లేచినా ముందు కబురు ఆమెకే పోతుంది. ఆమె వచ్చి చూసి, తల్లి పోసింది అంటుంది. దాంతో ఆ ఇంటి చట్టాలు మారిపోతాయి. మందు వద్దు. సూది వద్దు. పోపు వెయ్యొద్దు, ఆ వాసన తల్లికి గిట్టదు. పక్క కింద వేపాకు, గుమ్మానికి వేపాకు, గోకడానికి వేపరెమ్మ. విమల దవాఖానలో ఈ తంతు ఏళ్ళ తరబడి చూసింది. దిండు కింది వేపాకును ఆమె ఎన్నడూ తీయించలేదు, థర్మామీటరు మాత్రం మానలేదు. అలా అమ్మవారికీ ఆమెకూ మధ్య ఒక ఒప్పందం నడిచింది.

ఇప్పుడు సమ్మమ్మ చెట్టు బెరడు మీద అరచెయ్యి పెట్టి నాడి చూస్తోంది.

"మనకు తల్లి పోస్తే యాడికి ఉరుకుతం బిడ్డా? యాపకాడికి. మరి యాపకే పోస్తే అదెవరికాడికి పోవాలె?"

విమల చేతిలోని ప్లాస్టిక్ కవరును ఒకసారి చూసుకుంది. ప్రశ్నలో ఉన్న న్యాయం అలాంటిది.

"అది బూజు తెగులు అత్తా. కొమ్మలు కోసి మందు కొట్టాలె."

"కత్తి పెడ్తవా? తల్లి ఒంటి మీదున్నప్పుడు కత్తి పెడ్తవా?" సమ్మమ్మ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది, పోట్లాడొచ్చు. "మందు మాట ఎత్తకు. ఇంట్ల పోపు వెయ్యకు. మీ ఆదివారం కోడికూర, తల్లి పోయినంక చూసుకుందురు."

ఆ సాయంత్రానికే గల్లీ అంతా పాకింది. మరునాటి నుంచి విజిటర్లు మొదలు. ఒకామె పసుపునీళ్ళు, ఒకామె మజ్జిగ, ఒకామె రాగి అంబలి, చలవ చేస్తుందని ఇంకొకామె కొబ్బరినీళ్ళు. ఉత్త చేతులతో ఎవరూ రాలేదు. రోగిని చూడ్డానికి వచ్చి ఉత్త చేతులతో నిలబడతారా ఎవరైనా. చలిదేశాల్లో ఇళ్ళ ముందు ఓక్ అనే మహావృక్షాలుంటాయి. వాటికి జబ్బు చేస్తే చెట్ల డాక్టరు వస్తాడట, తట్టి చూసి పోతాడట. ఇరుగుపొరుగు కంచె అవతల నుంచే అయ్యో అని, ఎవరిళ్ళకు వాళ్ళు పోతారట. చదవడానికి కాస్త రుచి లేనట్టుంటుంది గానీ, ఆ రోజుల్లో విమలను అడిగి ఉంటే రేపే అక్కడికి మకాం మారుద్దామనేది.

అసలు చిక్కు గద్దెతో వచ్చింది. చెట్టు చుట్టూ నలుగురు కూర్చోవడానికి వీలుగా కొన్నేళ్ళ కింద కట్టించిన సిమెంటు గద్దె. మధ్యలో మట్టి, చుట్టూ చిల్లు లేని గోడ. పోసినదంతా అందులోనే ఉంటుంది. మజ్జిగ పులిసింది, అంబలి బూజు పట్టింది, ఈగలు ముసిరాయి. తడి మట్టిలో విమల వేలు పెడితే వార్డులో ఎరిగిన కుళ్ళు వాసన ముక్కుకు తగిలింది.

ఈ కథలో సాల్మన్ ఎక్కడున్నాడంటే, మధ్యలో ఉన్నాడు. విమల భర్త సాల్మన్ ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి దిగాడు. పరకాల రూట్లో ఆయన బస్సు అంటే జనానికి పండగే. చేను గట్టు మీద ముసలమ్మ చెయ్యి ఊపినా విజిల్ వేసి ఆపించేవాడు. స్టేజీ లేదని అనడం ఆయన నోటికి రాలేదు. అందుకు డ్రైవర్లు తిట్టేవాళ్ళు, డిపోలో మెమోలిచ్చేవాళ్ళు. ఆయన మాత్రం, పాపం నిలబడ్డది గదా అనేవాడు. ఇప్పుడు పోపు వెయ్యొద్దన్నారని పోపు లేని పప్పు కిక్కురుమనకుండా తింటున్నాడు. ఆదివారం చర్చి నుంచి వస్తూ కోడికూర వాసన వచ్చే ఇంటి ముందు మాత్రం నడక కాస్త మెల్లగా సాగేది.

"నువ్వన్న చెప్పయ్యా వాళ్ళకు," అనేది విమల.

"ఏమని చెప్పాలె. వాళ్ళు చెట్టు బాగు కోసమే గదా వస్తాన్రు."

"బోటి పెట్టిన మేనమామ గూడ బాగు కోసమే వచ్చిండు."

ఇంకోవైపు పక్కింటి గట్టయ్య. ధాన్యం మార్కెట్లో హమాలీ పని చేసి నడుము వంగినవాడు, నోరు వంగనివాడు. చెట్టు పెద్దకొమ్మ ఒకటి సరిగ్గా ఆయన వంటింటి రేకుల మీదికి పోయి ఉంది. అది సగం దాకా ఎండింది. గాలి వీస్తే కిర్రుమంటోంది.

"సిస్టరమ్మా, ఆ కొమ్మ నా పెండ్లాం నెత్తిన పడితే నువ్వే కుట్లు ఎయ్యాలె."

"కోయిద్దామనే అంటాన గట్టయ్యా. నాలుగు రోజులు ఆగు."

కోయిద్దామంటే కోసేవాడు దొరకాలి. చెట్లెక్కే కొమురెల్లి తాడు భుజాన వేసుకుని వచ్చాడు, మొదట్లో పసుపు చూశాడు, తాడు మళ్ళీ చుట్టాడు. "తల్లి ఉన్న చెట్టు అంటున్నరు సిస్టరమ్మా. నాకు చిన్న పిల్లలున్నరు. తల్లిని తోలినంక పిలువు, రెక్కల మీద వస్త." ఇంకొకణ్ణి పిలిస్తే వాడూ అదే అన్నాడు. గట్టయ్యకు ఇదంతా అక్కర్లేదు. కొమ్మనే కాదు, చెట్టునే తీసెయ్యమన్నాడు. ఎండిన చెట్టు ఎటు పడుతుందో ఎవరికి తెలుసు. మాట పెరిగి పెరిగి, గేటు దగ్గర నలుగురి ముందు విమల అనేసింది: "హోలీ దాకా చూడు. అప్పటికి చిగురు రాకపోతే నేనే మొదలంట కొట్టిస్త. నా మాటకు ఎదురుండదు."

అనేశాక ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆమె మాటకు నిజంగానే ఎదురుండదు. అదే ఆమె బాధ.

విజిటింగ్ అవర్స్ పెట్టింది అప్పుడే. పొద్దున్న ఏడింటిలోపు వచ్చి చూసి పోవచ్చు. ఉత్త చేతులతో రావాలి. తర్వాత గేటుకు గొళ్ళెం. గల్లీ మొదట నవ్వింది, తర్వాత అలిగింది, తర్వాత లొంగింది. సిస్టరమ్మతో పెట్టుకుని రేపు బీపీ చూపించుకోవడానికి ఎక్కడికి పోతారు. గేటు దగ్గర సమ్మమ్మ ఒక్కతే చెంబుతో పంతం పట్టింది. ఆ పూట కూడా విమల కదలకపోయేసరికి, "నీ ఇష్టం" అని వెళ్ళిపోయింది. గెలిచానని విమల అనుకుంది.

వారం గడిచినా మట్టి ఆరలేదు. చూపుడువేలు పెడితే మెత్తగా దిగుతోంది. నల్లా పైపు లీకైందేమోనని గోడ వెంబడి చెవి పెట్టి విన్నది. లేదు. ఒకనాటి ఉదయం ఆమె చర్చిలో స్త్రీల కూటానికి పోతూ, పాటల పుస్తకం మరిచిపోయానని సగం దారిలో వెనక్కి తిరిగింది. గేటు తోస్తే కనబడింది దృశ్యం. గద్దె మీద వరసగా చెంబులు, గిన్నెలు, ఒక స్టీలు క్యాను. సాల్మన్ ఒక్కొక్కటి ఎత్తి మొదట్లో పోస్తున్నాడు. పోసేముందు ఎవరిదో పేరు అనుకుంటున్నాడు కూడా, లెక్క తప్పకుండా.

"ఇదేంది?"

సాల్మన్ చేతిలో చెంబు ఆగింది. "నువ్వు వాళ్ళను లోపలికి రావద్దన్నవు. వాళ్ళు రాలే."

"నువ్వు పోస్తానవ్."

"గేటుకాడ చెంబు పట్టుకుని నిలబడ్తాన్రు విమలా. వద్దని ఎట్లంట? సమ్మమ్మ అయితే మోకాళ్ళు పట్టుకుని నడుచుకుంట వస్తాంది."

విమలకు కోపం వచ్చి, గద్దె మీద చెంబుల పక్కనే కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. పరకాల రూట్లో ఒక్క ముసలమ్మను దాటిపోలేనివాడు, గేటు దగ్గర గల్లీ అంతటినీ ఎలా కాదంటాడు. తప్పు తనదే. ముందు దర్వాజా దగ్గర వాచ్‌మన్‌ను మార్చాల్సింది. పేషెంటుకు అటెండరే శత్రువైతే ఏ ఇన్‌ఛార్జీ ఏం చెయ్యలేదు.

"పోపు లేని పప్పు తిని తిని నీ బుర్ర గూడ చప్పబడ్డది," అంది చివరికి.

"నిజమే. ఇయ్యాల్ల ఎల్లిపాయ వేస్తవా?"

విమల ఒక చెంబును దగ్గరికి లాక్కుంది. కూటం మాట మరిచిపోయింది. కూర్చుని చెంబుల వైపే చూస్తోంది. సమ్మమ్మ చెంబు మీద ఒక వేపరెమ్మ ఉంది. ఎక్కడి నుంచి తెచ్చిందో, పచ్చటిది. ఐసోలేషన్ వార్డు గుర్తుకొచ్చింది విమలకు. పొక్కులు ఎండిన పిల్లవాణ్ణి తల్లులు తీసుకుపోయేటప్పుడు ఏమనేవాళ్ళు? మందులు ఎలా వాడాలి సిస్టర్ అని అడిగేవాళ్ళు కాదు. తలకు నీళ్ళు ఎప్పుడు పోయాలి అని అడిగేవాళ్ళు.

ఆమె లేచి సరాసరి సమ్మమ్మ ఇంటికి పోయింది. సమ్మమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు గిల్లుతోంది. తలెత్తలేదు.

"అత్తా, ఒకటడుగుత. తల్లి వస్తది. మల్ల పోతది గదా. పోయిందని ఎట్ల ఎర్కయితది?"

"పొక్కులు ఎండి రాల్తయ్. అప్పుడు యాపాకు, పసుపు వేసి ఎండల నీళ్ళు కాగబెట్టి తలకు పోస్తం. పెరుగన్నం పెట్టి, బెల్లంనీళ్ళ సాక పోసి, పొలిమేర దాకా సాగనంపుతం."

"సాగనంపినంక?"

"ఏముంటది. మామూలే. పోపు వేసుకోవచ్చు."

"మల్ల పసుపునీళ్ళు, మజ్జిగ పోసుడు?"

"పోయినామెను మల్ల పిలుస్తమా ఎవరన్న." సమ్మమ్మ చెయ్యి ఆగింది. విమల ఎక్కడికి వస్తోందో ఆమెకు అర్థమైంది. తలెత్తి చూసింది.

"చెట్టు మీద ఒక్క ఆకు లేదత్తా," అంది విమల. "పొక్కులన్ని రాలినయ్. పొద్దున్నే ఊడ్చేది నేను. నాకంటె ఎవరికి ఎర్క?"

సమ్మమ్మ చేతిలోని చిక్కుడుకాయ గిల్లి గిన్నెలో వేసింది. "మీరు చర్చికి పోయేటోళ్ళు. మీకెందుకు ఇదంత."

"నేను పోసేది నీళ్ళు. నా ప్రార్థన నేను చేసుకుంట. నీది నువ్వు చేసుకో. ఇద్దరం కలిసి పేషెంటును డిశ్చార్జి చేద్దాం."

"ఆదివారం బాగుంటది తల్లికి."

"ఆదివారం నాకు చర్చి ఉంటది."

"మరి గురువారం."

విమల ఇంటికొచ్చి ముందు చేసిన పని గట్టయ్యను పిలిచి గద్దెకు ఒకవైపు గోడ పగలగొట్టించడం. చెట్టుకు ఏ చిన్న నష్టం చెయ్యమన్నా ఆయన సుత్తె పట్టుకుని సిద్ధం. అది నష్టం కాదని చెప్పి ఆయన ఉత్సాహం చల్లార్చడం ఎందుకని ఆమె ఊరుకుంది. లోపలి బురద పారతో గీకి బయటికి లాగింది. ఎండ తగిలితే వేరు దగ్గర తెల్లటి పురుగులు మెదిలాయి.

గురువారం గల్లీ ఆడవాళ్ళంతా వచ్చారు. ఎండలో గంగాళం. అందులో పసుపు, పక్క వీధి స్కూలు వెనక చెట్టు నుంచి ఏరి తెచ్చిన నాలుగు పచ్చి రెమ్మలు. ముందు నీళ్ళు ఎవరు పొయ్యాలంటే, రోగి తల్లి పొయ్యాలంది సమ్మమ్మ. అందరూ విమలను చూశారు. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. ఈ సంగతి చర్చిలో ఏ రూపంలో చేరుతుందో ఆమెకు తెలుసు. మగ్గు ముంచింది. నూటనాలుగు డిగ్రీల జ్వరంతో ఒళ్ళు కాలే పిల్లలను ఎన్నిసార్లు తడిబట్టతో తుడిచిందో, అలాగే, మీద కుమ్మరించకుండా, బెరడు వెంబడి మెల్లగా జార్చింది. నీళ్ళు పగలగొట్టిన గోడలోంచి పసుపుగా బయటికి పారి మోరీలో కలిశాయి. సాల్మన్ కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు. సమ్మమ్మ సాక పోసి, పెరుగన్నం ముద్ద ఆకులో పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ గల్లీ చివరిదాకా నడిచింది. వెనక్కి తిరిగి చూడొద్దట. ఎవరూ చూడలేదు. విమల ఒక్కతే చూసింది, గేటు ఎవరైనా తెరిచిపెట్టారేమోనని.

ఆ రాత్రి ఇంట్లో ఎల్లిపాయ పోపు ఘాటు గట్టయ్య ఇంటిదాకా పోయింది.

కొమురెల్లి మాట మీద నిలబడి మరునాడే వచ్చాడు. దీప్తి చెప్పినట్టు, కొసనుంచి కోసుకుంటూ, లోపల పచ్చి గీత కనబడ్డ చోట ఆగుతూ దిగాడు. కొన్నిచోట్ల పచ్చి ఎంతకీ రాలేదు. కోసినచోటల్లా విమల నిచ్చెన కింద నిలబడి, నీలం రంగు మందు పూయించింది. "సరిగ్గ పుయ్యి. అంచు వదిలేస్తానవ్" అని పొద్దుగూకేదాకా అతణ్ణి సతాయించింది. రేకుల మీది పెద్దకొమ్మ సగానికి తెగింది. సాయంత్రానికి చెట్టు, చేతులు తీసేసిన మనిషిలా మొండిగా నిలబడింది. ఎండు కట్టె గట్టయ్య స్నానాల పొయ్యికి మోసుకుపోయాడు. చూసినవాళ్ళంతా ఇక ఇది కాదన్నారు. విమల కూడా లోపల అదే అనుకుంది, పైకి మాత్రం, "ఆపరేషనైన పేషెంటు అట్లనే ఉంటది" అంది.

శివరాత్రి పోయింది. స్కూలు వెనక చెట్టు చిగురించింది. రైల్వే క్వార్టర్ల దగ్గరివి చిగురించాయి. హసన్‌పర్తి రోడ్డు పొడవునా రాగి రంగు ఆకు గాలికి మెరుస్తోందని సాల్మన్ వచ్చి చెప్పాడు, చెప్పి నాలుక కరుచుకున్నాడు. విమల చెట్టు మాత్రం కదల్లేదు. ఆమె కోపం ఇప్పుడు మనుషులను దాటి చెట్టు మీదికే మళ్ళింది. పొద్దున్నే చీపురు పట్టుకుని దాని ముందు నిలబడేది. "అన్ని చేసిన. మందు పెట్టిన, పథ్యం పెట్టిన, ఊరందరితోని తిట్లు తిన్న. ఇంకేం గావాలె నీకు?" కొందరు రోగులుంటారు. రిపోర్టులన్నీ బాగుంటాయి, మనిషి మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటాడు. అలాంటివాళ్ళంటే విమలకు మొదటినుంచీ ఒళ్ళుమంట. వాళ్ళ మంచం దగ్గరే ఆమె ఎక్కువసేపు నిలబడేది.

గట్టయ్య రోజూ గోడ మీదుగా హోలీ ఎప్పుడని అడుగుతున్నాడు, తెలియనట్టు. హోలీ రానే వచ్చింది. గల్లీలో రంగులు చల్లుకున్నారు. విమల గేటు వేసుకుని లోపల కూర్చుంది. సాయంత్రం తలుపు తీసి, కొమురెల్లికి ఫోన్ చేసి, పొద్దున్నే రంపం తెమ్మంది. ఇచ్చిన మాట. సాల్మన్ ఎల్లుండి రమ్మందామా అన్నాడు. వద్దంది.

పొద్దున కొమురెల్లి తాడు, రంపం గద్దె మీద పెట్టి చాయ్ తాగుతున్నాడు. గట్టయ్య గోడ అవతల స్టూలెక్కి నిలబడ్డాడు. విమల లోపల గదిలో, మూల లేని గోడవైపు మొహం పెట్టి పక్క దులుపుతోంది. దులిపిన పక్కనే మళ్ళీ దులుపుతోంది. అప్పుడు వాకిట్లో విజిల్ మోగింది. రిటైరయ్యాక సాల్మన్ ఆ విజిల్ ఊదింది లేదు. బస్సు ఆపడానికి ఊదే ఒకే ఒక్క పొడుగాటి ఊత.

ఆమె బయటికొచ్చింది. సాల్మన్ గోడ దగ్గర నిలబడి పైకి చూపించాడు. గట్టయ్య రేకుల మీదికి పోయిన పెద్దకొమ్మ, సగానికి కోసిన మొండి. దాని అడుగున, గట్టయ్య వైపు నుంచో, గోడకు ఆనుకుని చూస్తేనో గానీ కనబడనిచోట, నెయిల్ పాలిష్ పెట్టినంత ఎర్రగా రెండు మొటిమలు. ఒకటి విచ్చుకుంటోంది.

"నిన్ననే ఉండె అవి," అన్నాడు గట్టయ్య స్టూలు మీది నుంచి, మొహం పక్కకు తిప్పుకుని. "రంగు అనుకున్న. పోరగాండ్లు చల్లిన్రేమో అని."

"నిన్ననే చూసినవా?"

"చూసిన. నువ్వు తలుపు వేసుకున్నవు గదా సిస్టరమ్మా. విజిటింగ్ అవర్స్ గావన్నవు."

విమల ఆయన వైపు చూసిన చూపుకు కొమురెల్లి చాయ్ కప్పు కింద పెట్టేసి తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

చిగురు వచ్చింది గానీ చెట్టు మొత్తం రాలేదు. ఇటువైపు సగం మొద్దుగానే ఉండిపోయింది. అటువైపు, అందరికంటే ముందు కొట్టేయమన్న గట్టయ్య ఇంటి మీదికే, గుత్తులుగా లేచింది. ఇక ఆకు రాలి గట్టర్ నిండుతుందని ఆయన గొడవ. ఉగాదికి ఆడవాళ్ళు పువ్వు కోసం వచ్చారు. పువ్వు లేదు, ఈ ఏడు లేదు, స్కూలు వెనకకు పొండి, చిగురు మీద చెయ్యి వేస్తే ఊరుకోను అని విమల గేటు దగ్గరే తిప్పి పంపింది. ఒకామె గొణుక్కుంటూ పోయింది.

అందరూ పోయాక సమ్మమ్మ వచ్చింది. కొంగు కింద చెంబు.

"అత్తా. సాగనంపినం గదా."

"సాగనంపినం. ఇది తల్లికి గాదు బిడ్డా. ఎండలు ముదురుతానయ్. బాలింత లెక్క ఉంది చెట్టు. జర మజ్జిగ."

విమల చెంబు అందుకుంది. సమ్మమ్మ మొహం విప్పారింది. విమల గద్దె మీద కూర్చుని, చెంబు ఎత్తి, సమ్మమ్మ చూస్తుండగానే గటగటా సగం తాగింది. కరివేపాకు వేసి, ఉప్పు సరిపడా వేసి, చల్లగా ఉంది మజ్జిగ. చెట్టుకు ఉప్పు వేసి తెచ్చిందన్నమాట.

"చెట్టుకు పథ్యం," అంది మూతి తుడుచుకుంటూ. "మిగిలింది సాల్మన్‌కు ఉంచు. అటెండరు గూడ అలిసిపోయిండు."